ఎవరినీ నొప్పించని పోటీ

పోటీ అంటే ఒకరు గెలవడం, తక్కినవారు ఇంటికి వెళ్లడం అనే మొరటు అభిప్రాయం ఉన్నవారు యూరప్ రగ్బీ ఛాంపియన్స్ కప్ నిర్వహణను ఒకసారి శ్రద్ధగా అధ్యయనం చేయవలసిందిగా మనవి. ఇందులో 24 క్లబ్బులు ఆరేసి చొప్పున నాలుగు గ్రూపులుగా ఉంటాయి. ఒకే లీగుకు చెందిన జట్లు గ్రూపు దశలో తలపడకూడదన్న సున్నితమైన నియమం వల్ల ఒక్కో జట్టు తన ఐదుగురు గ్రూపువాళ్లలో నలుగురితోనే ఆడుతుంది. పట్టికలో మాత్రం, ముఖం కూడా చూడని ఆ ఐదోవాడితోనూ స్థానం కోసం పోటీపడుతుంది. ఇలా చలికాలంలో 48 మ్యాచ్‌లు ఆడించి, 16 జట్లను నాకౌట్‌కు పంపుతారు. తక్కిన ఎనిమిదింటిలో, గ్రూపుల్లో ఐదో స్థానంలో నిలిచిన నాలుగింటిని వట్టి చేతులతో సాగనంపడం మర్యాద కాదు గనుక, ఛాలెంజ్ కప్ అనే రెండో శ్రేణి పోటీ తాలూకు పక్క పందిట్లో రెండో పంక్తికి కూర్చోబెడతారు. అంటే విస్తరి ముందు నుంచి నిజంగా లేవవలసింది నాలుగు జట్లే. 12 మ్యాచ్‌లకు ఒకటి చొప్పున!

ఆహ్వానాల విషయంలోనూ ఇదే ఔదార్యం. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగులో ఉన్నవి 10 క్లబ్బులు. వాటిలో 8 ఛాంపియన్స్ కప్‌కు, తక్కిన 2 ఛాలెంజ్ కప్‌కు వెళతాయి. ఈ మర్యాదకు కారణం లేకపోలేదు. ఇంగ్లండ్ క్లబ్బులు 1998–99లో అలిగి అసలు రానేలేదు. 2012లో ఫ్రాన్సు క్లబ్బులను కూడా కలుపుకుని అలకపాన్పు ఎక్కాయి. ఇంటి అల్లుడు ఉంగరంతో దిగుతాడేమో గాని, వీరు దిగడానికి పాత నిర్వాహక సంస్థనే పక్కన పెట్టి, 2014 నాటికి స్విట్జర్లాండ్‌లో కొత్తది స్థాపించవలసి వచ్చింది. ఆ దేశం నుంచి ఒక్క క్లబ్బూ ఆడదు. తటస్థత అంటే అదే మరి.

ఇక భూగోళం. 2022–23 నుంచి దక్షిణాఫ్రికా జట్లు కూడా యూరప్‌లో భాగమే. ప్రిటోరియాకు చెందిన బుల్స్ 2024లో క్వార్టర్ ఫైనల్‌కు ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ వెళ్లవలసి వచ్చినప్పుడు ప్రధాన ఆటగాళ్లలో చాలామందిని ఇంటి దగ్గరే ఉంచి, రెండో శ్రేణి జట్టును పంపి ఓడింది. దక్షిణాఫ్రికాకే చెందిన బ్లూమ్‌ఫాంటైన్ చీతాస్‌కు ఆ దూరప్రయాణపు ఇబ్బంది లేదు: 2022–23 ఛాలెంజ్ కప్‌లో తమ సొంతగడ్డ మ్యాచ్‌లను ఆ జట్టు ఇటలీలోని పార్మాలో ఆడింది.