నెలలో నవల సరే, ఆ నెలంతా వంట ఎవరు చేస్తారు?

నెల రోజుల్లో నవల రాయడం ఎలా అని ఎవరైనా అడగడం ఆలస్యం, సలహాలు వరస కట్టేస్తాయి. తెల్లారుజామున లేవండి, ఫోన్ దూరంగా పెట్టండి, రోజుకి ఇన్ని పదాలని లెక్క పెట్టుకోండి. ఒక్కటీ తప్పు కాదు. కానీ మీరు తెల్లారుజామున లేచి రాసుకుంటుంటే పాలు కాచేది ఎవరు, పిల్లల బాక్సులు కట్టేది ఎవరు? ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ సంగతి చాలామంది చెబుతుంటారు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, ఎదురుగా వాచీ పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాసేవాడు. భేష్. అయితే ఆయన్ని లేపి కాఫీ ఇవ్వడానికి గుర్రాలు చూసుకునే ఒక ముసలి పనివాడు ఉండేవాడు. ఆ పని కోసం అతనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. నా విజయానికి అందరికన్నా ఇతనికే ఎక్కువ రుణపడ్డానేమో అని ఆత్మకథలో ట్రోలోపే రాసుకున్నాడు. 250 పదాల లెక్క మనదాకా వచ్చింది, కాఫీ ఇచ్చినతని ఊసు రాలేదు.

రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ 1866 అక్టోబర్‌లో 26 రోజుల్లో నవల పూర్తి చేశాడు. ఏదో ఆవేశం పూని కాదు. నవంబర్ 1కల్లా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు తన రచనలన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు పబ్లిషర్‌కి పోతుంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టి కూర్చున్నాడు. చివరికి అన్నా అనే ఇరవయ్యేళ్ళ స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకున్నాడు. పగలు ఆయన చెప్పేవాడు, ఆమె షార్ట్‌హ్యాండ్‌లో దించుకునేది, ఇంటికెళ్ళి సాఫు ప్రతి రాసి తెచ్చేది. మర్నాడు ఇద్దరూ కూర్చుని దిద్దేవాళ్ళు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే పెళ్ళి చేసుకున్నారు. 26 రోజుల ఘనతలో సగం ఆమె చేతిదే అంటాను నేను. ఇంకో సంగతి, ఆ కథ మూడేళ్ళ ముందే ఆయన మనసులో ఉంది. 1863లోనే ఒక స్నేహితుడికి ఉత్తరంలో దాని గురించి రాశాడు. బుర్రలో నానిన కథే చేతికి తొందరగా వస్తుంది. ఏమీ అనుకోకుండా మొదటి తారీఖున కూర్చుంటే పదో తారీఖుకి గోడ చూస్తూ ఉంటారు.

బ్రిటిష్ నవలాకారుడు కజువో ఇషిగురోది మన కాలపు కథ. 1987లో నాలుగు వారాలు, ఆదివారాలు తప్ప రోజూ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదిన్నర దాకా రాశాడు. మధ్యాహ్న భోజనానికి గంట, రాత్రి భోజనానికి రెండు గంటలు. ఫోన్ ఎత్తకూడదు, ఉత్తరాలు చూడకూడదు, ఇంటికి ఎవరూ రాకూడదు. అలా రాసిన 'ది రిమైన్స్ ఆఫ్ ద డే' నవలకే 1989లో బుకర్ బహుమతి వచ్చింది. ఈ ఏర్పాటు ఆయనా భార్యా కలిసి అనుకున్నది. తన పనులు తనకున్నా, ఆ నాలుగు వారాలూ ఆయన వంతు వంట, ఇంటిపని ఆమే చేసింది. ఈ విషయం ఆయనే బాహాటంగా రాశాడు, అందుకు ఆయనంటే గౌరవం. ఆయన వంతు అంటున్నాను, గమనించండి. మామూలు రోజుల్లో ఆయనకీ ఒక వంతు ఉందన్నమాట.

కాబట్టి నెలలో నవల రాయాలనుకుంటే ముందు మాట్లాడాల్సింది సరస్వతీదేవితో కాదు, ఇంట్లోవాళ్ళతో. నాకు కొంచెం టైమ్ కావాలి అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా, రాత్రి ఎనిమిది నుంచి పది వరకు నేను ఇంట్లో లేనట్టే, కూర మాడినా పిలవద్దు అని చెప్పాలి. ఆ నెల అయ్యాక ఎవరికి ఏం బాకీ తీరుస్తారో కూడా అప్పుడే చెప్పండి. బేరం తేలిపోతే దెప్పిపొడుపులు తగ్గుతాయి. రాసేది మగవాళ్ళయితే ఈ బేరమే లేకుండా గడిచిపోతుంది చాలా ఇళ్ళల్లో, అది వేరే గొడవ.

ఏ నెల అన్నది కూడా ముఖ్యమే. 1999లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర 21 మందితో మొదలై, తర్వాత ప్రపంచమంతా పాకిన నానోరైమో అనే నెలలో నవల సవాలు ఉండేది. నవంబర్‌లో 50,000 పదాలు, అంటే రోజుకి 1,667. ఆ సంస్థ 2025లో మూతపడింది కానీ నవంబర్ పిచ్చి మాత్రం పోలేదు. అయ్యా, నవంబర్ అంటే మనకి కార్తీకం! తలస్నానాలు, దీపాలు, ఉపవాసాలు, అభిషేకాలు, ఆదివారం వస్తే వనభోజనాలు. శ్రావణం సంగతి చెప్పనే అక్కర్లేదు. నన్నడిగితే ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, చుట్టాల రాకపోకలు తక్కువ. హైదరాబాద్‌లో బోనాలంటారా, అవి ఎక్కువగా ఆదివారాలే, ఆరోజు సెలవు తీసుకోండి. అధిక మాసం వచ్చిన ఏడాదైతే ఇంకో నెల బోనస్.

ఆ 50,000 కూడా మనకి పెట్టుకోవద్దు. "వెళ్ళిపోదామనుకున్నాడు" తెలుగులో ఒక్క పదమే. మనకి 30,000 దాటితే ఒక పుస్తకం సైజు నవల వచ్చేసినట్టే. రోజుకి వెయ్యి చాలు.

టైప్ చేసే ఓపిక లేకపోతే పైకి చెప్పండి. దోస్తోయెవ్‌స్కీకి స్టెనో కావాల్సి వచ్చింది, మన ఫోన్‌లోనే తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక సీన్ చెప్పేయొచ్చు. పేర్లు ఖూనీ చేస్తుంది, ఫుల్‌స్టాపులు పెట్టదు, కుక్కర్ విజిల్ వచ్చినప్పుడు ఏదేదో రాస్తుంది. రాయనీయండి. నోటితో చెబితే సంభాషణలు మనుషులు మాట్లాడినట్టు వస్తాయి. కలం పట్టుకోగానే మన పాత్రలన్నీ రేడియో వార్తలు చదవడం మొదలుపెడతాయి కదా, ఆ బాధ తప్పుతుంది.

ఇక రాస్తూ రాస్తూ గూగుల్‌లోకి వెళ్ళడం. నా డ్రాఫ్టుల్లో ఇలా ఉంటుంది: "సుజాత గుంటూరు వెళ్ళింది. ### బస్సా రైలా? ఎంతసేపు? ### అత్తయ్య తలుపు తీసింది." అంతే, ముందుకి. రైలు టైమింగులు వెతకడానికి వెళ్తే గంట తర్వాత చీరల వీడియోల దగ్గర తేలతాను. తర్వాత ఫైల్‌లో ### అని వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. మూడో అధ్యాయంలో ఒక్కతే కూతురైన సుజాతకి పన్నెండో అధ్యాయంలో అన్నయ్య కావాల్సి వచ్చిందా? పక్క కాగితం మీద "అన్నయ్య" అని రాసుకుని, మొదటి నుంచీ ఉన్నాడన్నట్టే సాగిపోండి. ఇషిగురో కూడా అంతే, పొద్దున రాసినదానికి మధ్యాహ్నం రాసింది అడ్డం తగిలినా ఆగలేదట.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతాను. మొదటి అధ్యాయం అవగానే సోషల్ మీడియాలో పోస్ట్ చేయకండి. రెండొందల లైకులు వస్తాయి, "తర్వాతి భాగం ఎప్పుడండీ" అని అడుగుతారు, ఇక ఆ అధ్యాయాన్నే నెలంతా దిద్దుతూ కూర్చుంటారు. డ్రాఫ్ట్ అయిన రాత్రే ఏ నవలల పోటీకో పంపేయడం కూడా వద్దు. కనీసం ఆ ### లైనా తీసి పంపండి. న్యాయనిర్ణేతలకీ ఇళ్ళున్నాయి, వాళ్ళూ వంట ముగించుకునే చదవాలి.