సవరణ: ప్రసవపు చీలికల గురించి రెండు తప్పులు రాశాను

ప్రసవంలో యోనికి, మలద్వారానికి మధ్య పడే చీలికల గురించి కిందటిసారి రాస్తూ ‘కండరం దాకా చీలితే మూడో డిగ్రీ’ అన్నాను. తప్పు. చర్మం వరకే అయితే మొదటిది, దాని కింది కండరం కూడా చీలితే రెండోది. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దెబ్బతింటేనే మూడోది. మలద్వారపు లోపొర కూడా చీలితే నాలుగోది. ఇది మాటల పట్టింపు కాదు: రెండో డిగ్రీకి సాధారణంగా ప్రసవ గదిలోనే కుట్లు వేస్తారు, ఆ పై రెండింటికీ ఎక్కువగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తారు. నా రాత చూసి బెంబేలెత్తినవారు మన్నించాలి.

‘వారానికి కుట్లు విప్పించుకోవాలి’ అన్నదీ పొరపాటే. సిజేరియన్ కుట్లతో కలిపేశాను. ఇక్కడ మామూలుగా వాడేది కరిగిపోయే దారం. కొన్నాళ్లకు ప్యాడ్ మీద చిన్న దారపు ముక్క కనిపిస్తే, కుట్లు ఊడిపోయాయని హడలిపోనక్కర్లేదు.

మలబద్ధకం రాకుండా చూసుకోమన్న మాటలో మార్పు లేదు. అయితే ఒకటి వదిలేశాను: నొప్పి తగ్గే బదులు పెరుగుతున్నా, దుర్వాసన, జ్వరం ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. గ్యాస్‌ గానీ మలం గానీ ఆపుకోలేకపోతుంటే, నెలలు గడిచినా సరే, సిగ్గుపడకుండా చెప్పండి. దానికి చికిత్స ఉంది.