కాలేజీ ఆటగాడికి వికీలో పేజీ ఎందుకంటారా?

ఈ నెలలో ఒకే మెసేజీ రావడం ఇది నాలుగోసారి. ముందు మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంటు గ్రూపులో, ఆ తర్వాత చెల్లెలి అత్తగారి వైపు గ్రూపులో. నిన్న రాత్రి పదకొండున్నరకు డాలస్ నుంచి మా బావగారు నేరుగా నాకే పంపారు. "నువ్వు వికీ రాస్తుంటావుగా, దీనికేమంటావ్?" అని కింద ఒక నవ్వు బొమ్మ. అంటాను బావగారూ, ఎందుకనను.

మెసేజీ సారం ఇది: అమెరికాలో కాలేజీలో బంతాట ఆడే కుర్రాళ్ళకు వికీపీడియాలో పేజీలున్నాయి, నోబెల్ వచ్చిన శాస్త్రవేత్తకు లేదు. చందాల డబ్బుతో సర్వర్లు నింపేస్తున్నారు. కాలేజీ ఆటలు పిల్లల ఆటలు. జీతం తీసుకుని ఆడేదాకా ఎవడూ ఆటగాడు కాడు. ఆ పేజీలన్నీ పీకేయాలి. పంతొమ్మిదేళ్ళ పిల్లలకు ఈ మోజు నేర్పకండి. పదిమందికి పంపండి.

సర్వర్ల సంగతి. ఇంగ్లీషు వికీపీడియా మొత్తాన్నీ బొమ్మలు లేకుండా కుదిస్తే ఒక 64 జీబీ పెన్ డ్రైవులో పడుతుంది. మీ ఫోన్లో గుడ్ మార్నింగ్ పువ్వులు అంతకంటే ఎక్కువ చోటు తింటున్నాయి. తర్వాత.

నోబెల్ సంగతి. మోకాలికీ బోడిగుండుకూ ముడి. డోనా స్ట్రిక్‌లాండ్‌కు 2018 అక్టోబరులో ఫిజిక్స్ నోబెల్ ప్రకటించేసరికి ఇంగ్లీషు వికీలో ఆవిడ పేజీ లేదు. అదే ఏడాది మే నెలలో ఎవరో రాసిన చిత్తుప్రతిని మూలాలు చాలవని తిప్పికొట్టారు. సిగ్గుచేటే, కాదనను. అయితే ఆవిడ సీట్లో ఏ ఫుట్‌బాల్ కుర్రాడు తువ్వాలు వేశాడు? ఇదేమన్నా ఆర్టీసీ బస్సా, ఒకర్ని దింపితే గానీ ఇంకొకరికి చోటు దొరకదనడానికి? శాస్త్రవేత్త పేజీ లేకపోతే కూర్చుని రాయండి. ఫార్వర్డ్ చేసిన నలుగురిలో ఒక్కరైనా ఒక్క లైను రాశారా?

ఇక అసలు దానికొద్దాం. జీతం తీసుకుని ఆడినవాడే ఆటగాడట.

జాక్ ట్రైస్ అని ఒకతను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. అయోవా స్టేట్ కాలేజీ తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. 1923 అక్టోబరులో మిన్నెసోటాతో ఆటకు వెళ్ళాడు. ముందురోజు రాత్రి హోటల్ గదిలో, ఆ హోటల్ కాయితం మీదే, తన జాతి పరువూ కుటుంబం పరువూ రేపటి ఆటలో ఉన్నాయని తనకోసం తనే రాసుకున్నాడు. మర్నాడు ఆటలో కాలర్ బోన్ విరిగింది. అయినా ఆడాడు. అవతలి ఆటగాళ్ళు తొక్కుకుంటూ పోయారు. రెండు రోజులకు చనిపోయాడు. ఆ కాయితం అంత్యక్రియల ముందు కోటు జేబులో దొరికింది. ఆ యూనివర్సిటీ స్టేడియానికి 1997లో అతని పేరు పెట్టారు. జీతం? ఒక్క డాలరు తీసుకోలేదు. పీకేద్దామా పేజీ?

లెన్ బయాస్, కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు. ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, 1986 జూన్‌లో, రెండోవాడిగా బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంచుకున్న రెండు రోజులకు కొకెయిన్‌తో పోయాడు. ఆ చావు లేపిన గగ్గోలుకు అదే ఏడాది అమెరికాలో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దాని కింద వేలమంది ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారు. అతను ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

మెసేజీ రాసిన మహానుభావుడికి తట్టనిది ఇంకొకటుంది. ఆడవాళ్ళు. అమెరికాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు మొదలైందే 1997లో. అంతకుముందు అమెరికాలో అమ్మాయి ఎంత బాగా ఆడినా కాలేజీ దాటితే జీతమిచ్చి ఆడించే గట్టి లీగు లేదు. చెరిల్ మిల్లర్ యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 1983, 84లో వరసగా జాతీయ టైటిళ్ళు తెచ్చింది. 84లోనే ఒలింపిక్ బంగారమూ తెచ్చింది. ఆనక మోకాలు దెబ్బతింది, ప్రొఫెషనల్ ఆట ఆడనేలేదు. ఆమె తమ్ముడు రెజీ మిల్లర్ మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో ఇండియానా పేసర్స్ జట్టుకు 18 సీజన్లు ఆడాడు. ఈ లెక్కన తమ్ముడు ఆటగాడు, అక్క కాలక్షేపానికి బంతి విసిరింది. బాగుంది న్యాయం.

పిల్లల ఆటలా? 2024 ఏప్రిల్‌లో కైట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఆడిన కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను 1.8 కోట్ల మందికి పైగా చూశారు. అదే ఏడాది మగవాళ్ళ ఫైనల్‌కు 1.5 కోట్లు కూడా రాలేదు. అమెరికా వద్దంటే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఉంది. 2020లో మూడబిదిరి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. డోప్ పరీక్ష లేదు, సమాఖ్య ప్రతినిధి లేడు అని లెక్కలోకి తీసుకోలేదు. 2022లో సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే అప్పుడు రికార్డన్నారు. కాలేజీ మీట్‌లో పరిగెత్తినదానికంటే ఐదో వంతు సెకను ఆలస్యంగా!

అలాగని ఆడిన ప్రతివాడికీ పేజీ ఉండాలని నేననడం లేదు. అమెరికా కాలేజీల్లో 5 లక్షలకు పైగా ఆటగాళ్ళున్నారు. ఆటగాడితో సంబంధం లేనివాళ్ళు అతని గురించి నాలుగు పేరాలు రాశారా అన్నదే లెక్క. స్కోరుబోర్డులో పేరుంటే చాలదు. ఇంగ్లీషు వికీలో ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడితే చాలన్న నియమం చాలాకాలం ఉండేది. అది చెత్త నియమం, 2022లో ఎత్తేశారు. చూశారా, చెత్తంతా జీతం తీసుకున్నవాళ్ళ వైపు నుంచే వచ్చింది.

చివరి లైనొకటి మిగిలింది. పంతొమ్మిదేళ్ళ పిల్లల సంగతి. దీనికి నా దగ్గర జవాబు లేదు. 1993 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్, 11 సెకన్లుంది, మిషిగన్ రెండు పాయింట్లు వెనక. మిషిగన్ ఆటగాడు, ఇరవయ్యేళ్ళ క్రిస్ వెబర్ టైమవుట్ (ఆటకు విరామం) అడిగాడు. వాళ్ళకు టైమవుట్లు మిగల్లేదు, మిగలకుండా అడిగితే ఫౌల్. మ్యాచ్ పోయింది. తర్వాత ఎన్‌బీఏలో ఐదుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు, అయినా పేరెత్తితే జనం ముందు చెప్పేది ఆ టైమవుటే. వెబర్ కాబట్టి తట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకేమీ ఆడని కుర్రాడైతే పేజీ మొత్తం ఆ 11 సెకన్లే. మూలాలన్నీ పక్కాగా ఉంటాయి, మేం నియమాలన్నీ పాటించి మరీ రాస్తాం. ఇక్కడ మాత్రం మెసేజీ రాసినాయనదే ఒప్పు.

మా వీధిలో ఒకాయన, కొడుకు యూనివర్సిటీ కబడ్డీ టీములో ఆడాడని తెలుగు వికీలో పేజీ పెట్టాడు. మూలాలు: జెర్సీలో దిగిన ఫేస్‌బుక్ ఫోటో, కాలనీ వాళ్ళు వేసిన అభినందన ఫ్లెక్సీ. తొలగింపు చర్చ మొదలెట్టింది నేనే. రెండేళ్ళయింది, పాల ప్యాకెట్ల దగ్గర కనపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు.