ఒక్క కాగితానికి పూటంతా

దసరా సెలవులు అయిపోయి క్యాంపస్ తెరిచారు. ఎగ్జామినేషన్ బ్రాంచ్ కిటికీ ముందు సర్టిఫికెట్ల కోసం పొద్దున్నుంచీ పిల్లలు నిలబడే ఉన్నారు. లోపల కుర్చీ ఖాళీ. ఎక్కడికెళ్లారని అడిగితే "ఇప్పుడే వస్తారు" అంటారు. ఎప్పుడండీ?

వచ్చాక మొదటి మాట, "నో డ్యూస్ ఏది?" ఎక్కడా బాకీ లేదని సంతకాలు చేయించుకునే కాగితమది. దానికోసం లైబ్రరీ, ల్యాబ్, స్పోర్ట్స్, హాస్టల్ అన్నీ తిరగాలి. హాస్టల్ గడప తొక్కని అమ్మాయికి వార్డెన్ సంతకం ఎందుకు? ఆ వార్డెన్ గారేమో మీటింగ్‌లో ఉన్నారట, లంచ్ తర్వాత రావాలట.

ఆదిలాబాద్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన అబ్బాయిని చూశాను. చలానాలో ఇంటిపేరు చివర పడిందని తిప్పి పంపేశారు. ప్లాస్టిక్ కవర్లో జిరాక్సులన్నీ వానకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని ఒక్కొక్కటే విడదీస్తూ మళ్లీ బ్యాంకు క్యూలో నిలబడ్డాడు. కడుపు తరుక్కుపోయింది.

ఇక కొన్ని కాలేజీల సంగతి మరీ ఘోరం. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద పర్యవేక్షణ ఉండే యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మార్కుల మెమోలు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. ప్రభుత్వం బాకీ పడితే పిల్లల్ని పట్టుకోవడమేంటి? రేపే ఉద్యోగానికి వెరిఫికేషన్ ఉందని ఏడ్చినా "రూల్ అంతే" అంటారు. ఎక్కడుందా రూలు? ఏయే కాగితాలు తేవాలో, ఎంత కట్టాలో కిటికీ పక్కన గోడకు అంటించడానికి ఏం అడ్డొచ్చింది?