పేరు చెప్పేవాళ్ళు ఉండగానే

పోయిన వేసవిలో విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న మా పాత ఇల్లు ఖాళీ చేశాం. అటక మీది గోనెసంచిలో ఒక ఇనుప కట్టు దొరికింది. ఫోను కెమెరాకు చూపిస్తే తలుపు కడియం అంది. కాస్త తిప్పి చూపిస్తే చేతి కంకణం అంది. మా అన్నయ్య కొడుకు అది ఎద్దు కొమ్ముకు తొడిగేదని తీర్పు చెప్పి, గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు.

ఎనభై దాటిన మా మేనత్త వాడి చేతిలోంచి లాక్కున్నారు. "రోకలి పొన్నురా ఇది. లోపల కర్ర పీచు ఇంకా ఉంది, అదీ గీకేస్తావా?"

అప్పుడు గానీ మేము సరిగ్గా చూడలేదు. ఒక అంచు దెబ్బలు తిని బయటికి ఒరిగిపోయింది, రెండోది నిటారుగానే ఉంది. దంచేటప్పుడు కర్ర చీలకుండా రోకలి చివర బిగించే కట్టు ఇది. ఆ ఒరిగిన అంచులో, ఆ పీచులో దాని చరిత్ర అంతా ఉంది. ఇంకో పావుగంట రుద్దితే నున్నటి ఇనుప ముక్క మిగిలేది.

పాత వస్తువు కనబడగానే మనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్నేళ్ళది, ఎంత పలుకుతుంది? ఏం పని చేసేది, ఎవరి చేతిలో చేసేది అని అడగం. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద వేసిన బాంబు ఒకటి ఉంది. ఏ రోజు పడిందో, ఎవరు వేశారో చెప్పగలం. మన వంటింట్లో రెండు తరాలు దంచిన రోకలి గురించి అంత మాత్రం కూడా చెప్పలేకపోతున్నాం.

కొన్ని వస్తువులు తమ సంగతి తామే చెబుతాయి. అదే సంచిలో గుండ్రటి ఇనుప గుండు ఒకటి ఉంది. కాటా మీద పెడితే 1,390 గ్రాములు తూగింది. కిలోల లెక్కకు అందని బరువు. తులం 11.66 గ్రాములు, 120 తులాలు ఒక వీశె, అంటే దాదాపు 1,400. తుప్పు తిన్నది పోగా ఇది వీశె గుండే. తూనికల చట్టం 1956లో వచ్చి మెట్రిక్ కొలతలు స్థిరపడేదాకా మా తాతగారి కొట్లో బెల్లం దీనితోనే తూచి ఉంటారు.

కొన్నిటికి మాత్రం మనిషి కావాలి. చిల్లున్న మట్టి బిళ్ళ ఒకటి నూలు వడికే కదురుదని నేను వాదించాను. చేపలు పట్టేవాళ్ళుండే పెద్ద జాలారిపేటలో ఒక పెద్దాయన దాన్ని అరచేతిలో ఎగరేసి, వల అంచుకు కట్టే బరువని క్షణంలో తేల్చేశారు. చిల్లు ఒకవైపు తాడు ఒరుసుకొని అరిగిందట. నా చదువు అక్కడ పనికిరాలేదు.

మాటలూ ఇలాగే పోతాయి. గిడుగు అంటే తలమీద పెట్టుకునే ఆకుల గొడుగు. ఇప్పుడు చాలామందికి అది రామమూర్తి పంతులు గారి ఇంటిపేరు మాత్రమే.

ఇక్కడ, పరాయి దేశంలో, మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల వేదిక మీద ఏటా ప్లైవుడ్ ఎడ్లబండి నిలబెడుతున్నాం. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ ఖర్చు వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అదే సమయంలో మన ఇళ్ళలోని అసలు సామాను కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు పోతోంది. అలాగని అన్నీ పెట్టెల్లో కుక్కి ఇక్కడికి తెమ్మనడం లేదు. నూరేళ్ళు దాటిన పురావస్తువులను, డెబ్బై అయిదేళ్ళు దాటిన విలువైన రాతప్రతులను మనలాంటివాళ్ళు దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. వాటిని అక్కడే ఉండనిచ్చి, ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఒక వస్తువు ఇచ్చి, ఫోనులో రికార్డు నొక్కి కూర్చోండి. తోమకండి, వార్నిష్ పూయకండి. మీరు మధ్యలో మాట్లాడకండి కూడా. ఇది నాకూ కష్టమే అయింది.

పొన్నును అత్తయ్య దగ్గరే వదిలి వచ్చాను. నా దగ్గర ఉన్నది ఆవిడ గొంతు, నాలుగు నిమిషాలు. కొత్త రోకలికి పొన్ను ఎలా బిగించేవారో చెబుతూ, దంపుడు పాటలో రెండు చరణాలు పాడి మూడోది మరచిపోయి నవ్వారు. మధ్యలో కుక్కర్ రెండుసార్లు కూసింది. సంక్రాంతి సభలో వినిపిస్తాను. మూడో చరణం తెలిసిన అమ్మమ్మలు ఎవరైనా ఉంటే వెంట తీసుకురండి.