రేసిజం ఉందట, రేసిస్టు మాత్రం ఎక్కడా దొరకట్లేదు

ఇదో పెద్ద మిస్టరీ అండీ. రేసిజం ఉందని అందరూ ఒప్పుకుంటారు, అది మహా తప్పనీ ఒప్పుకుంటారు, కానీ "ఆ రేసిస్టుని నేనే" అని చెయ్యెత్తినోడు ఇప్పటిదాకా నాకు ఒక్కడూ కనపళ్ళేదు. అంటే ఇంత పనీ మనుషులెవరూ ముట్టుకోకుండా దానంతటదే జరిగిపోతోందన్నమాట. ఈ గందరగోళంలో రోజూ ఎవరో ఒక అమాయకుడు ఇరుక్కుంటున్నాడు కాబట్టి, ఏది రేసిజం ఏది కాదు అని తేల్చే బరువు నేనే నెత్తినేసుకుంటున్నా.

మొదటి రూలు అందరికీ తెలిసిందే, మనసులో లేకపోతే రేసిజం కాదు. మరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఆ మాట అన్నవాడికే. అంటే నిందితుడే సాక్షి, ఆ సాక్షే జడ్జి, తీర్పు ఎప్పుడూ నిర్దోషి, ఇంత స్పీడుగా కేసులు తేల్చే కోర్టు ఇంకోటి ఉంటే చూపించండి. మాట పడ్డవాడిని కూడా మనం వదిలెయ్యలేదు, "మరీ సెన్సిటివ్" అని ఒక బిరుదు ఇచ్చి పంపిస్తాం.

ఇంత చక్కటి ఏర్పాటుని ఐక్యరాజ్యసమితి వాళ్ళు చెడగొట్టారు. 1965లో జాతి వివక్ష మీద ఒప్పందం రాస్తూ, జాతి, రంగు, వంశం, జాతీయ మూలాలు చూసి మనిషిని వేరు చేస్తే, దాని ఉద్దేశం గానీ ఫలితం గానీ అవతలివాళ్ళ సమాన హక్కులకి గండి కొట్టేదైతే అది వివక్షే అని మొదటి ఆర్టికల్లోనే పెట్టేశారు. ఉద్దేశం దగ్గర ఆపొచ్చుగా! ఆ "ఫలితం గానీ" అన్న రెండు మాటలు ఏ మహానుభావుడు పట్టుబట్టి చేర్పించాడో గానీ, ఎంతమంది మంచివాళ్ళ నిద్ర చెడగొట్టాడో లెక్కలేదు.

సరే, రోజువారీ కేసుల్లోకి వద్దాం. "మీదే ఊరండీ?" అని అడగడం రేసిజమా? ఛ ఛ, నిక్షేపంగా అడగొచ్చు. ఆయన చెప్పాడు, ఇక్కడేనండీ, ఈ ఊళ్ళోనే పుట్టాను అని. అక్కడ ఆగితే అది కబుర్లు. మనం ఆగం కదా. "అది కాదండీ, అసలు ఎక్కడ?" అంటాం, తర్వాత అమ్మానాన్నలది ఎక్కడ, వాళ్ళ తాతలది ఎక్కడ, అలా సమాధులు తవ్వేదాకా వెళ్తాం, ఎందుకంటే మనక్కావలసింది ఊరు పేరు కాదు, ఆ మొహం ఇక్కడెందుకుందో సంజాయిషీ. పక్కనే మన రంగువాడు, మొన్నమొన్నే వేరే దేశం నుంచి దిగినవాడు నిలబడి ఉంటాడు, ఆయన్నెవరూ ఇవేం అడగరు. ఇదంతా జనరల్ నాలెడ్జి అని కొట్టిపారేస్తున్నాను, నెక్స్ట్ కేసు.

పుట్టినప్పటి నుంచీ అదే భాష మాట్లాడుతున్న మనిషితో "మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నారండీ" అంటే? అది ప్రశంస. అడక్కుండా జుట్టు ముట్టుకోవడం? అభిమానం. లిఫ్టులోకి ఆయన రాగానే బ్యాగు చంకలోకి లాక్కోవడం? అలవాటు. చెస్టర్ పియర్స్ అనే సైకియాట్రిస్టు ఇలాంటి చిన్న చిన్న వాటిని 1970లోనే మైక్రోఅగ్రెషన్ అన్నాడు, విడివిడిగా చూస్తే ఏమీ ఉండదు గానీ రోజూ పడుతుంటే పేరుకుపోతాయని. మనకేమో ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది, మనం అన్నది. ఆయనకి పొద్దున్నుంచీ అది ఎన్నోదో మనకెందుకు చెప్పండి.

నిజానికి వాదనలో మన బ్రహ్మాస్త్రం చరిత్ర. దక్షిణాఫ్రికాలో 1950 నుంచి 1991 దాకా ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి కింద రిజిస్టర్ చేసే చట్టం ఉండేది, అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్ళు, జారి పడితే తెల్లజాతి, ఇరుక్కుంటే కాదు, అలా ఒకే ఇంట్లోవాళ్ళు వేర్వేరు జాతులు అయిపోయిన సందర్భాలూ ఉన్నాయి. రేసిజమంటే అదీ! మనమెవరి జుట్టులోనైనా పెన్సిల్ పెట్టామా? లేదు. పెట్టలేదు కాబట్టి మనం ఆల్రెడీ పాసైపోయాం. కొలబద్ద అంత పైన పెట్టుకుంటే ఎంత పొడుగువాడైనా కింద నుంచి దర్జాగా నడిచి వెళ్ళిపోవచ్చు.

ఇక రేసిజాన్ని ఊడ్చేస్తామని బయల్దేరిన అవతలి బ్యాచ్ ఒకటుంది, వీళ్ళంటే నాకు ఇంకా ముద్దు. చదరంగంలో తెల్లపావులే ముందు ఎందుకు కదలాలి అని మూడు మీటింగులు పెడతారు, బ్లాక్‌లిస్ట్ అన్న పదం తీసేసి కేకు కోస్తారు. పదాలు మార్చడానికి ఖర్చుండదు, ఎవరి కుర్చీ కదలదు. ఆఫీసులో ఎవర్ని ఇంటర్వ్యూకి పిలుస్తున్నారో చూడమంటే మాత్రం అది హెచ్ఆర్ వాళ్ళ డిపార్ట్‌మెంట్ అంటారు. 2004లో వచ్చిన ఒక స్టడీలో బోస్టన్, చికాగోల్లోని ఉద్యోగాలకి ఒకే రకం రెజ్యూమెలు పంపి పేర్లు మాత్రం మార్చారు, నల్లజాతి పేరనిపించే రెజ్యూమెకి రెండు కాల్స్ వస్తే తెల్లజాతి పేరుకి మూడు వచ్చాయి. అక్కడెవరూ ఎవర్నీ తిట్టలేదు, చెడ్డ పదం ఒక్కటీ వాడలేదు, అసలు ఫోనే చెయ్యలేదు. ఫోన్ చెయ్యకపోవడాన్ని కూడా రేసిజం అంటే ఎలాగండీ?

నా రూల్‌బుక్‌లో తేలకుండా మిగిలిపోయింది మాత్రం మెషిన్ల గొడవ. 2018లో కొన్ని కంపెనీల ఫేస్ సాఫ్ట్‌వేర్లని టెస్ట్ చేస్తే, ఫోటోలో ఉన్నది ఆడా మగా అని చెప్పడంలో తెల్లరంగు మగవాళ్ళ దగ్గర తప్పు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం, ముదురు రంగు ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయింది. హాస్పిటల్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ముదురు చర్మం మీద ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని తేలింది, అంటే ఊపిరందని మనిషికి బాగానే ఉన్నావని సర్టిఫికెట్. మనసే లేని వస్తువుకి ఉద్దేశం ఎక్కడ్నుంచి వస్తుంది, కాబట్టి మన మొదటి రూలు ప్రకారం ఇవి కూడా నిర్దోషులే. కాకపోతే పాపం వాటికి "నాకు ఆ రంగు ఫ్రెండ్స్ చాలామంది ఉన్నారు" అని చెప్పుకోవడం చేతకాదు, అందుకే అడ్డంగా దొరికిపోయాయి.