ఎవరు ఎవరిని బాయ్‌కాట్ చేస్తున్నారు?

పెద్ద సినిమా రిలీజవుతోందంటే చాలు, దాన్ని బాయ్‌కాట్ చేయమంటూ ఎక్స్‌లో ఎవరో ఒకరు ట్రెండ్ మొదలుపెడతారు. ప్రతిపక్షం అసెంబ్లీని బాయ్‌కాట్ చేస్తుంది, లాయర్లు కోర్టు విధుల్ని బాయ్‌కాట్ చేస్తారు. ఈ మాట ఒక మనిషి ఇంటిపేరని మాత్రం చాలామందికి తెలియదు.

చార్లెస్ బాయ్‌కాట్ సైన్యంలో పనిచేసి వచ్చిన ఇంగ్లిషువాడు. ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. మన జమీందారీల్లో అయితే దివాన్జీ అనేవాళ్లు. 1880లో రైతులు శిస్తు నాలుగో వంతు తగ్గించమని అడిగారు. లార్డ్ ఎర్న్ పది శాతం దగ్గరే ఆగాడు. సెప్టెంబరులో బాయ్‌కాట్ కౌలుదార్లకు బేదఖలు నోటీసులు పంపాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఎనిస్ సభలో ఐరిష్ నాయకుడు పార్నెల్ ఒక ఉపాయం చెప్పాడు. సాటి రైతును వెళ్లగొట్టిన భూమిని కౌలుకు తీసుకున్నవాణ్ణి ఏమీ చేయొద్దు, కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టండి చాలు అన్నాడు.

మేయో రైతులు ఆ ఉపాయాన్ని ఏకంగా ఏజెంటు మీదే ప్రయోగించారు. కూలీలు పొలంలోకి దిగలేదు. కమ్మరి గుర్రానికి లాడం కొట్టనన్నాడు. బట్టలు ఉతికే ఆమె రానంది. ఊళ్లో కొట్లవాళ్లు సరుకులివ్వలేదు. చివరికి పంట కోయడానికి ఐర్లండ్ ఉత్తరాది నుంచి యాభై మందిని రప్పించారు, వాళ్లకు కాపలాగా వెయ్యి మంది దాకా సైనికులు, పోలీసులు. సుమారు 500 పౌండ్ల పంట కోసం 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో లెక్కగట్టారు. డిసెంబరు మొదట్లో బాయ్‌కాట్ ఐర్లండ్ వదిలి వెళ్లిపోయాడు. పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని మాటగా మార్చింది స్థానిక చర్చి ఫాదర్ జాన్ ఓమాలీ అంటారు. వెలివేయడానికి ఇంగ్లిషులో వాడే ‘ఆస్ట్రసైజ్’ లాంటి పండిత పదం మా రైతులకు ఎక్కదని ఆయన వాదన. కొన్ని నెలల్లోనే పత్రికలన్నీ అందుకున్నాయి, ఫ్రెంచి, జర్మన్ భాషలూ అరువు తెచ్చుకున్నాయి.

బెంగాల్ విభజన మీద 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో తీర్మానం చేసేసరికి ఈ మాట మనుషుల్ని వదిలి బ్రిటిష్ మిల్లు గుడ్డల మీదికి మళ్లింది. 1928లో సైమన్ కమిషన్‌నూ అదే మాటతో ఎదుర్కొన్నారు. మనకు బాయ్‌కాట్ అంటే బలహీనుడు బలవంతుడి మీద ఎత్తే ఆయుధమన్న గౌరవం ఆ రోజుల నుంచే వచ్చింది.

కానీ మేయో రైతులు చేసింది మన పల్లెలకు కొత్తేమీ కాదు. చాకలిని, మంగలిని ఆపేయడం, కొట్లో ఉప్పు పప్పు ఇవ్వకపోవడం, కూలికి పిలవకపోవడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం మనకు ఎప్పటినుంచో ఉన్న వెలి. తేడా ఒక్కటే, అది పెద్దదే. అక్కడ భూమి లేనివాళ్లు భూస్వామి మనిషిని వెలివేశారు. ఇక్కడ భూమి ఉన్నవాళ్లు కూలివాళ్లను వెలివేస్తారు. కూలి లేకపోతే దొరకు ఒక పంట పోతుంది, కూలివాడికి ఆ పూట తిండే పోతుంది.

అంబేడ్కర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఐర్లండ్ ఆయుధాన్ని కాంగ్రెస్ వాళ్లు మెచ్చుకుంటున్న కాలంలోనే, సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని రౌండ్ టేబుల్ సమావేశాల్లో అడిగారు. అందుకు బర్మాలో 1922లో వచ్చిన బాయ్‌కాట్ నిరోధక చట్టాన్ని నమూనాగా చూపించారు. వెలి మాత్రం ఆగలేదు. 1991లో చుండూరులో దళితుల ఊచకోతకు ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ మొదలయ్యాక దళితులను పనులకు పిలవడం మానేశారు. అప్పటికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణలు నేరాలుగా చేరి ఏడాది దాటింది.

గరగపర్రు వార్తలోనూ, నచ్చని సినిమా ట్యాగులోనూ కనిపించేది ఇదే బాయ్‌కాట్. ట్యాగు పెట్టినవాడికి మహా అయితే టికెట్ డబ్బులు మిగులుతాయి. లాడం కొట్టనన్న కమ్మరి మాత్రం ఊళ్లో కాస్త గట్టి బేరాన్ని వదులుకున్నాడు.